ఇలియోస్టమీ తరువాత జీర్ణక్రియ, జీవనం

చిన్నపేగు చివరి భాగమైన ఇలియంను పొట్టగోడలోంచి బయటికి తీసి, దాని కొసను చర్మానికి కుట్టి, మలం అక్కడి నుంచే వెలుపలికి వచ్చేలా చేసే శస్త్రచికిత్స ఇలియోస్టమీ. బయట కనిపించే ఆ ఎర్రటి పేగు కొసను స్టోమా అంటారు. దాని చుట్టూ అంటించిన బ్యాగులో మలం చేరుతుంది. వార్డుల్లో, ఇళ్లలో దీన్ని ‘బ్యాగు పెట్టారు’ అని ముక్తసరిగా చెప్పుకుంటారు. కంటికి కనిపించేది బ్యాగే కాబట్టి రోగి దిగులు, చుట్టాల ప్రశ్నలు దాని చుట్టూనే తిరుగుతాయి. అయితే ఆపరేషన్ అయిన మొదటి నెలలో రోగిని మళ్లీ ఆస్పత్రికి తీసుకొచ్చే ముఖ్య కారణాల్లో ఒకటి బ్యాగుకు సంబంధించింది కాదు, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడం. బ్యాగు మార్చడం వారం పది రోజుల్లో చేతికి అలవాటవుతుంది. ఉప్పు లెక్క మాత్రం జీవితాంతం తెలిసి ఉండాలి.

ఎవరికి, ఎందుకు

పాశ్చాత్య దేశాల్లో ఈ ఆపరేషన్‌కు దారితీసే జబ్బులు ప్రధానంగా మూడు: పెద్దపేగు లోపలి పొర పుండుపడే అల్సరేటివ్ కొలైటిస్, పేగు గోడ మొత్తాన్నీ దెబ్బతీసే క్రోన్స్ వ్యాధి, పెద్దపేగు అడుగుభాగమైన రెక్టమ్‌లో వచ్చే కాన్సర్. పేగు లోపల వందలాది పాలిప్‌లు (చిన్న కండ గడ్డలు) మొలిచే వంశపారంపర్య జబ్బులోనూ పెద్దపేగు మొత్తాన్ని తీసేయాల్సి వస్తుంది. మన దేశంలో వీటితో పాటు మరో రెండు కారణాలు బలంగా ఉన్నాయి. టైఫాయిడ్ ముదిరి ఇలియంకు చిల్లు పడటం ఒకటి, పేగు క్షయ రెండోది. పొట్ట చీము పట్టి, జ్వరంతో, బీపీ పడిపోయిన స్థితిలో అర్ధరాత్రి ఆస్పత్రికి వచ్చిన రోగికి చిల్లు కుట్టి ఊరుకుంటే కుట్లు విడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకని సర్జన్ పేగును బయటికి తెస్తాడు. ఇలాంటి రోగికి ముందుగా చెప్పి సిద్ధం చేసే వ్యవధి ఉండదు. మత్తు దిగాక పొట్ట మీద బ్యాగు చూసుకున్నప్పుడే విషయం తెలుస్తుంది.

ఇలియోస్టమీలో రెండు రకాలున్నాయి. పేగు కొసను ఒక్కటే బయటికి తెచ్చేది ఎండ్ ఇలియోస్టమీ. ఇది చాలాసార్లు శాశ్వతం. పేగును ఉంగరంలా వంచి పైకి తెచ్చి, పైభాగాన్ని కోసి రెండు నోళ్లుగా తెరిచేది లూప్ ఇలియోస్టమీ. ఇది సాధారణంగా తాత్కాలికం. రెక్టమ్ కాన్సర్ తీసి కింద పేగును అతికించిన చోట గాయం మానేదాకా మలాన్ని పక్కకు మళ్లించడానికి చేస్తారు. లూప్ ఉన్నవారికి, రెక్టమ్ అలాగే ఉంచినవారికి మలద్వారం నుంచి అప్పుడప్పుడు జిగట వస్తూనే ఉంటుంది. అక్కడ మిగిలిన పేగు పొర తయారుచేసే మ్యూకస్ అది. ఆపరేషన్ చెడిందేమోనని కంగారు పడనక్కర్లేదు.

పెద్దపేగు లేని జీర్ణక్రియ

రోజుకు మనం తాగే నీరు, తినే తిండిలోని తేమ దాదాపు 2 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసాలు కలిపి ఒళ్లే మరో 7 లీటర్ల దాకా పేగులోకి వదులుతుంది. ఈ 9 లీటర్లలో ఎక్కువ భాగాన్ని చిన్నపేగు తిరిగి పీల్చేసుకుంటుంది. లీటరు నుంచి లీటరున్నర దాకా పెద్దపేగుకు చేరుతుంది. అందులోంచి నీటినీ, సోడియంనూ రక్తంలోకి లాగేసుకుని, 100 నుంచి 150 మిల్లీలీటర్ల నీరు మాత్రమే మలంతో పంపడం పెద్దపేగు చేసే పని. తిండిని అరిగించడంలో దాని పాత్ర తక్కువ. పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు చాలావరకు చిన్నపేగులోనే అరిగి రక్తంలో కలుస్తాయి. ఇలియం పొడవు పెద్దగా తగ్గని మనిషికి పెద్దపేగు తీసేశాక పోషకాల్లో చెప్పుకోదగ్గ లోటు రాకపోవడానికి కారణం ఇదే.

లోటు వచ్చేది నీటిలో, ఉప్పులో. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో బ్యాగులోకి ఆకుపచ్చ పసరు లాంటి పల్చటి ద్రవం రోజుకు లీటరు, కొందరికి లీటరున్నర పైన వస్తుంది. తరువాత చిన్నపేగు నెమ్మదిగా సర్దుకుంటుంది. లోపలి పొరలోని వేళ్లలాంటి నిర్మాణాలు కొంచెం పెరుగుతాయి, ద్రవాన్ని పీల్చే శక్తి పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో బ్యాగులోకి వచ్చేది గంజిలా చిక్కబడి, పరిమాణం రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్ల దగ్గర నిలబడుతుంది. మామూలు మనిషి మలంలా గట్టిపడటం మాత్రం ఎప్పటికీ జరగదు. దాన్ని గట్టిపరచాలని మొండిగా ప్రయత్నించేవాళ్లకు తిండి మానేసి నీరసపడటమే మిగులుతుంది.

ఇలియం చివరి అరవై సెంటీమీటర్లకు రెండు ప్రత్యేక బాధ్యతలున్నాయి: విటమిన్ బి12ను పీల్చుకోవడం, పైత్య లవణాలను తిరిగి కాలేయానికి పంపడం. క్రోన్స్ వల్లో, క్షయ వల్లో ఆ ముక్కను కూడా తీసేస్తే బి12 ఇంజెక్షన్లు అవసరమవుతాయి. కాలేయంలో బి12 నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది. అందుకే లోపం వెంటనే బయటపడదు. ఆపరేషన్ మరిచిపోయిన రోజుల్లో, మూడు నాలుగేళ్ల తరువాత, కాళ్ల తిమ్మిర్లుగానో రక్తహీనతగానో కనిపిస్తుంది. పైత్య లవణాలు నష్టపోతే కొవ్వు సరిగా అరగదు, పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది.

ఉప్పు లెక్క

బ్యాగులోకి వచ్చే ప్రతి లీటరులో సుమారు 100 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. వంటింటి లెక్కలో అది దాదాపు 6 గ్రాముల ఉప్పు, అంటే సమంగా గీసిన ఒక టీస్పూను. అన్నీ సర్దుకుని రోజుకు 750 మిల్లీలీటర్లు పోయే మనిషి కూడా నాలుగు గ్రాముల పైన ఉప్పును బ్యాగు ద్వారానే వదులుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. ‘ఉప్పు తగ్గించండి’ అన్న మాటను మనవాళ్లు బీపీ పేరుతో ఏళ్ల తరబడి వింటూ వచ్చారు. ఇలియోస్టమీ అయిన మనిషికి అదే మాట ముప్పు తెస్తుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు డాక్టరుతో విడిగా మాట్లాడుకోవాలి. మిగిలినవాళ్లు ముఖ్యంగా మొదటి నెలల్లో, ఎండాకాలంలో ఉప్పు కాస్త ఎక్కువే తినాలి.

ఉప్పు తగ్గితే ఒళ్లు దాన్ని పట్టి ఉంచడానికి ఆల్డోస్టిరాన్ హార్మోనును పెంచుతుంది. మూత్రపిండాలు సోడియంను ఆపేసి, దానికి బదులు పొటాషియంను వదులుతాయి. ఈ గొలుసు కొంతకాలం సాగితే పిక్కలు పట్టడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, ఏ పనీ చేయబుద్ధి కాని నీరసం వస్తాయి. మెగ్నీషియం కూడా పడిపోతే కండరాలు మరింత పట్టేస్తాయి. రక్త పరీక్షలో సోడియం మామూలుగానే ఉండవచ్చు. మూత్రంలో సోడియం లీటరుకు 20 మిల్లీమోల్ కన్నా తగ్గిందంటే ఒంట్లో ఉప్పు అడుగంటిందని అర్థం. ఖర్చు తక్కువైన పరీక్ష ఇది. అయినా రాయించుకునేవాళ్లు తక్కువ.

అన్నిటికన్నా తరచు జరిగే పొరపాటు మంచినీళ్లది. బ్యాగు పల్చగా నిండుతోంది, నోరు ఎండుతోంది అంటే ఇంట్లోవాళ్లు బిందె ముందు పెట్టి తాగమంటారు. ఉప్పు లేని నీరు చిన్నపేగులోకి వెళ్తే, పేగు గోడ రక్తంలోంచి సోడియంను ఆ నీటిలోకి వదులుతుంది. నీరూ, ఉప్పూ కలిసి బ్యాగులోకి జారిపోతాయి. దాహం మళ్లీ మొదలు, మళ్లీ నీళ్లు. టీ, కాఫీ కూడా ఈ కోవలోవే. తియ్యటి కూల్‌డ్రింకులు, పళ్లరసాలు, పానకం మరో దారిలో అదే నష్టం చేస్తాయి. వాటిలోని చక్కెర సాంద్రత పేగులోకి నీటిని లాగుతుంది. రోజుకు లీటరున్నర, రెండు లీటర్ల పైన పోతున్న రోగికి వైద్యులు మంచినీళ్లు, టీలాంటి వాటిని అర లీటరు నుంచి లీటరుకు కుదించి, మిగతాదంతా ఉప్పు, గ్లూకోజు కలిసిన ద్రావణంగా ఇస్తారు. దాహంతో ఉన్న మనిషికి నీళ్లు తగ్గించమనడం ఇంటిల్లిపాదికీ వింతగా తోచే సలహా. లోపలి కారణం చెప్పకుండా చీటీలో రాసిచ్చి పంపితే ఎవరూ పాటించరు.

గ్లూకోజు ఎందుకంటే, చిన్నపేగు కణాలు సోడియంను, గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకుంటాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్ఎస్ పుట్టుకకు ఈ సూత్రమే మూలం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బంగాన్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు దిలీప్ మహలనబీస్ దాన్ని పెద్ద ఎత్తున వాడి వేల ప్రాణాలు నిలిపాడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు ఓఆర్ఎస్‌లో సోడియం 75 మిల్లీమోల్, గ్లూకోజు 75 మిల్లీమోల్ ఉంటాయి. స్టోమా రోగులకు ఇంకొంచెం ఉప్పు కావాలన్న ఆలోచనతో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రి తన ద్రావణాన్ని తయారుచేసుకుంది: లీటరు నీటికి గ్లూకోజు 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంట సోడా 2.5 గ్రాములు. కొంచెం ఉప్పగా, వెగటుగా ఉంటుంది. చల్లగా చేసి, నిమ్మరసం రెండు చుక్కలు వేసి, రోజంతా కొద్దికొద్దిగా తాగితే లోపల నిలుస్తుంది.

మన వంటింట్లో దీనికి దగ్గరగా వచ్చేది ఉప్పు వేసిన అన్నం గంజి. గంజిలోని పిండి మెల్లగా గ్లూకోజుగా విడిపోయి ఉప్పును లోపలికి చేర్చుతుంది. బియ్యంతో చేసిన ఓఆర్ఎస్ కలరా రోగుల్లో బాగా పనిచేస్తుందని రుజువైంది కూడా. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిదే. కొబ్బరినీళ్ల సంగతి వేరు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఆస్పత్రికి చూడటానికి వచ్చే ప్రతివాళ్లూ తెచ్చే బోండాలు స్టోమా రోగికి ఓఆర్ఎస్‌కు సాటి రావు, చిటికెడు ఉప్పు కలిపితే కొంత మేలు. దుకాణంలో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి పానీయాల డబ్బాల వల్లా ఎంతో అయోమయం జరిగింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో పొట్లం కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

ఇంట్లో చేయదగిన పర్యవేక్షణ సులువే. మొదటి రెండు నెలలు బ్యాగు ఖాళీ చేసిన ప్రతిసారీ గీతలున్న జగ్గులో కొలిచి రాసుకోవాలి. మూత్రం రోజుకు లీటరు దాకా, లేత పసుపు రంగులో రావాలి. వారానికి రెండుసార్లు బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గితే అది కొవ్వు కరగడం కాదు, నీరు పోవడం. దీర్ఘకాలం మూత్రం తక్కువగా, ఆమ్లంగా ఉంటే యూరిక్ ఆమ్లపు రాళ్లు మూత్రపిండాల్లో ఏర్పడతాయి. ఇలియోస్టమీ ఉన్నవారిలో ఈ రాళ్లు మామూలు జనంలో కన్నా ఎక్కువ.

తిండి

మొదటి ఆరు వారాలు స్టోమా, పేగు వాపుతో ఉంటాయి. అప్పుడు పీచు తక్కువ తిండే క్షేమం: మెత్తటి అన్నం, ఇడ్లీ, సగ్గుబియ్యం జావ, పెరుగు, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు, తొక్క తీసిన సొరకాయ, బీరకాయ, గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన చికెన్. తెల్లన్నం, సగ్గుబియ్యం, అరటిపండు, బంగాళాదుంప బ్యాగులోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి కూడా. మన తెలుగు భోజనం ఈ విషయంలో రోగి పక్షానే ఉంది. చిక్కు వచ్చేది పక్కన వడ్డించే వాటితో.

స్టోమా పొట్టగోడను దాటే చోట దారి ఇరుకు. అరగని పీచు అక్కడ ఉండ కట్టి ఆగిపోతుంది. పచ్చి కొబ్బరి, మొక్కజొన్న పొత్తు, పాప్‌కార్న్, పల్లీలు, జీడిపప్పు, పుట్టగొడుగులు, ఎండుద్రాక్ష, పచ్చి కారెట్, పనసతొనలు, కమలాతొనల మీది తెల్లటి పొర, టమాటా తొక్క ఈ జాబితాలో ముందుంటాయి. మన వంటలకు వస్తే ములక్కాడ పిప్పి, గోరుచిక్కుడు ఈనెలు, గోంగూర కాడలు, మామిడి టెంక పీచు, చెరుకు పిప్పి, కరివేపాకు, ఆవకాయ ముక్క టెంక పెచ్చు కూడా చేర్చుకోవాలి. ములక్కాడ తినే అలవాటు ఎటూ నమిలి ఉమ్మేయడమే కాబట్టి దానితో పేచీ లేదు. కొబ్బరి పచ్చడి దగ్గరే చాలామంది బోల్తాపడతారు, మెత్తగా రుబ్బింది కదా అనుకుంటారు. ఆరు వారాలు దాటాక ఒక్కో పదార్థాన్నీ ఒక్కోసారి, కొంచెంగా, బాగా నమిలి తిని చూసుకోవాలి. ఒకరికి పడనిది మరొకరికి పడుతుంది. ముద్ద మింగే ముందు ఇరవై సార్లు నమలమని స్టోమా నర్సులు చెప్పే మాట విసుగ్గా ఉంటుంది కానీ, పళ్లు లేని పెద్దవాళ్లలో అడ్డంకులు ఎందుకు ఎక్కువో ఆలోచిస్తే దాని విలువ తెలుస్తుంది.

అడ్డంకి లక్షణాలు: మొదట నీళ్లలాంటి, దుర్వాసనతో కూడిన ద్రవం జోరుగా రావడం, తరువాత పూర్తిగా ఆగిపోవడం, పొట్ట మెలిపెట్టడం, ఉబ్బరం, స్టోమా వాయడం. వాంతులు లేకపోతే గట్టి తిండి ఆపి, వేడినీళ్ల స్నానం చేసి, స్టోమా చుట్టూ మెల్లగా మర్దన చేసి, మోకాళ్లు ఛాతీకి చేర్చుకుని పక్కకు ఒత్తిగిలి పడుకోవచ్చు. వాపు వల్ల బ్యాగు రంధ్రం బిగుసుకుంటే పెద్ద రంధ్రంతో మార్చాలి. నాలుగైదు గంటల్లో కదలిక రాకపోయినా, వాంతులు మొదలైనా ఆస్పత్రే గతి. విరేచనం కావడానికి మాత్ర వేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఉల్లి, క్యాబేజీ, రాజ్మా, శనగలు, గ్యాసు పానీయాలు బ్యాగును బెలూనులా ఉబ్బిస్తాయి. కందిపప్పు కన్నా పెసరపప్పు చాలామందికి తేలిక. వెల్లుల్లి, గుడ్డు, ఎండుచేపలు వాసన పెంచుతాయి. బీట్‌రూట్ తిన్న మర్నాడు బ్యాగులో ఎర్రగా కనిపించి రక్తమేమోనని గుండె ఆగినంత పనవుతుంది. పచ్చిమిర్చి, గొడ్డుకారం స్టోమాకు నొప్పి పెట్టవు, అక్కడ నొప్పి తెలిపే నరాలు లేవు. చుట్టూ ఉన్న చర్మం మీద పడితే మాత్రం మండుతాయి. కారం బాగా అలవాటున్న గుంటూరు మనిషికి కూడా మొదటి నెల ఓపిక పట్టమనే చెప్పాలి.

పూట మానేస్తే బ్యాగు ఖాళీగా ఉంటుందన్న ఊహ తప్పు. తిండి లేకపోయినా పేగు రసాలు ఆగవు. వాటితో గ్యాసూ, పల్చటి ద్రవమూ వస్తాయి. అందుకే నిరాహారంగా ఏకాదశి ఉపవాసం, నీళ్లు కూడా ముట్టని రంజాన్ రోజా స్టోమా రోగులకు, ముఖ్యంగా ఎండాకాలంలో, డాక్టరుతో మాట్లాడకుండా చేయదగినవి కావు. రోజుకు ఐదారుసార్లు కొద్దికొద్దిగా తినడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం, అన్నం మధ్యలో నీళ్లు తక్కువ తాగడం అనే మూడు అలవాట్లతో రాత్రి నిద్ర చాలావరకు తిరిగొస్తుంది.

మందుల విషయం

పేగులో నెమ్మదిగా కరిగే మాత్రలు, పైన గట్టి పొర వేసినవి కొన్నిసార్లు కరగకుండానే బ్యాగులో కనిపిస్తాయి. షుగరుకు, బీపీకి రాసే దీర్ఘకాలం పనిచేసే మాత్రలు చాలా ఈ కోవలోవే. గర్భనిరోధక మాత్రలను కూడా పూర్తిగా నమ్ముకోకూడదు. మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు నీటి నష్టాన్ని రెట్టిస్తాయి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా, మందుల షాపులో అడిగినా ‘నాకు ఇలియోస్టమీ ఉంది’ అని ముందే చెప్పాలి. విరేచనం తగ్గించే లోపెరమైడ్‌ను భోజనానికి అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. మోతాదు డాక్టరే నిర్ణయించాలి, ఎందుకంటే అధిక నష్టం ఉన్న రోగులకు మామూలు మోతాదు కన్నా చాలా ఎక్కువ ఇస్తారు.

స్టోమా, చర్మం, బ్యాగు

ఇలియం నుంచి వచ్చే ద్రవంలో మాంసకృత్తులను విడగొట్టే క్లోమరసం ఎంజైములు ఇంకా చురుగ్గానే ఉంటాయి. అవి చర్మాన్నీ వదలవు. తొలితరం ఇలియోస్టమీ రోగుల నరకమంతా ఇక్కడే. 1879లో జర్మన్ సర్జన్ బౌమ్ మొదటి ఇలియోస్టమీ చేశాడు. తరువాతి డెబ్బై ఏళ్లు సర్జన్లు పేగు కొసను చర్మంతో సమంగా వదిలేసేవారు. పేగు బయటి పొర మలం తగిలి వాచి, దారి బిగుసుకుని, రోగి రోజుకు లీటర్ల కొద్దీ ద్రవం కోల్పోయేవాడు. చుట్టూ చర్మం పుండ్లు పడేది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ 1952లో ఒక చిన్న మార్పు సూచించాడు: పేగు కొసను చొక్కా చేతిలా వెనక్కి మడిచి, లోపలి పొర బయటికి కనిపించేలా కుట్టడం. రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చిన ఈ కొస నుంచి ద్రవం నేరుగా బ్యాగులో పడుతుంది, చర్మానికి తగలదు. ఇప్పుడు ప్రపంచమంతటా చేసేది ఈ పద్ధతే. ఒక్క కుట్టు వేసే తీరుతో ఇంతమంది బతుకు మారిన సందర్భాలు సర్జరీ చరిత్రలో అరుదు.

బ్యాగును చర్మానికి అంటించే సమస్యకు పరిష్కారంలో మన అడవులకూ భాగం ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ 1950ల మొదట్లో కరాయా బంక పొడిని తడి చర్మం మీద చల్లితే గట్టిగా పట్టుకుని, చర్మాన్ని కాపాడుతుందని గమనించాడు. అంతకుముందు కట్టుడు పళ్లు అంటించడానికి వాడే పొడి అది. కరాయా బంక ఇచ్చేది తపసి చెట్టు. తూర్పు కనుమల్లో, నల్లమలలో గిరిజనులు దాని బెరడు గాటు నుంచి కారే బంకను సేకరిస్తారు. విశాఖపట్నం కేంద్రంగా ఉన్న గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. ప్రపంచంలో ఈ బంక ఎక్కువగా ఎగుమతి చేసిన దేశం మనదే. తరువాత పెక్టిన్, జెలటిన్, సెల్యులోజ్ కలిపిన పలకలు దాని స్థానం తీసుకున్నాయి.

టర్న్‌బుల్ చేసిన మరో పని ఇంకా పెద్దది. తన దగ్గర ఇలియోస్టమీ చేయించుకున్న నార్మా గిల్ అనే గృహిణిని 1958లో ఉద్యోగంలోకి తీసుకుని, కొత్త రోగులకు బ్యాగు వాడటం నేర్పించమన్నాడు. స్టోమా నర్సు అనే వృత్తి ప్రపంచంలో అలా మొదలైంది. డెన్మార్క్ నర్సు ఎలీసె సోరెన్సెన్ ఆపరేషన్ అయిన తన చెల్లెలి కోసం 1954లో అంటుకునే, వాడి పారేసే బ్యాగును రూపొందించింది. ఈ రంగంలో రోగులు, వాళ్ల అక్కాచెల్లెళ్లు చేసిన పని సర్జన్ల పనికి తీసిపోదు.

ఆపరేషన్‌కు ముందే స్టోమా ఎక్కడ రావాలో పొట్ట మీద గుర్తు పెట్టాలి. బొడ్డుకు కుడివైపు కింద, కండరం మీద, రోగి కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు, పడుకున్నప్పుడు మడత పడని చోట, తన కంటికి కనిపించే చోట ఉండాలి. మన దగ్గర దీనితో పాటు చీర కుచ్చిళ్లు దోపే చోటు, పంచె ముడి, ప్యాంటు బెల్టు, నేల మీద బాసింపట్టు వేసుకున్నప్పుడు పొట్ట మడతపడే తీరు కూడా చూడాలి. కుర్చీలో కూర్చోబెట్టి మాత్రమే గుర్తు పెడితే, ఇంటికెళ్లి పీట మీద కూర్చోగానే బ్యాగు అంచు లేచిపోతుంది.

స్టోమా వాపు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గి చిన్నదవుతుంది. అందుకే ప్రతిసారీ కొలిచి, బ్యాగు పలక రంధ్రాన్ని స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. మొదట కత్తిరించిన కొలతనే నెలల తరబడి వాడటం వల్ల వచ్చే చర్మపు పుండ్లే ఎక్కువ. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, రోజుకు ఐదారుసార్లు. పలకను మూడు నాలుగు రోజులకోసారి, తెల్లవారుజామున కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మార్చడం తేలిక. గోరువెచ్చటి నీళ్లు చాలు. డెట్టాల్, స్పిరిట్ వద్దు. మంట తగ్గుతుందని కొబ్బరినూనె, పసుపు రాస్తే పలక అంటుకోదు, కారుతుంది, మంట పెరుగుతుంది. శుభ్రం చేసేటప్పుడు స్టోమా నుంచి చుక్క రక్తం రావడం మామూలే. అది ఊదాగానో నల్లగానో మారితే, లేదా సొరంగంలా లోపలికి పోతే సర్జన్‌కు చూపించాలి. స్టోమా పక్కన పొట్టగోడ బలహీనపడి హెర్నియా రావడం దీర్ఘకాలంలో తరచు కనిపించే ఇబ్బంది. మొదటి రెండు నెలలు నీళ్ల బకెట్టు, గ్యాస్ సిలిండర్ ఎత్తకపోవడం, దగ్గేటప్పుడు అరచేత్తో స్టోమాను అదిమి పట్టుకోవడం దానికి ముందుజాగ్రత్త.

ఇల్లు, పని, నలుగురిలో

మన ఇళ్లలో మగవాడికి బ్యాగు పెడితే భార్యో కోడలో మార్చడం ఆనవాయితీగా మారిపోయింది. రోగి కళ్లు మూసుకుని తల పక్కకు తిప్పుకుంటాడు. ఇది ప్రేమే కావచ్చు, కానీ ఆ మనిషిని ఇల్లు కదలనివ్వదు. చేతులు ఆడే ప్రతి రోగీ ఆస్పత్రి నుంచి వెళ్లేలోపు తానే ఒకసారి బ్యాగు ఖాళీ చేసి, ఒకసారి పలక మార్చి చూపించాలి. నేర్పే స్టోమా నర్సులు పెద్ద నగరాల ఆస్పత్రుల్లోనే ఎక్కువగా ఉన్నారు. జిల్లా కేంద్రాల్లో ఆ పని వార్డు నర్సు మీదో, బ్యాగులు అమ్మే కంపెనీ ప్రతినిధి మీదో పడుతోంది. ముంబయిలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఎన్నో ఏళ్లుగా రోగులకు సలహాలు, తక్కువ ధరకు సామగ్రి అందిస్తోంది.

స్నానం బ్యాగుతోనూ చేయవచ్చు, తీసేసీ చేయవచ్చు. నీళ్లు స్టోమాలోంచి లోపలికి పోవు. నేల మట్టపు మరుగుదొడ్డిలో ఖాళీ చేసేటప్పుడు ముందు ఒక మగ్గు నీళ్లు పోస్తే చిందదు. వాడిన బ్యాగును ఖాళీ చేసి కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి, మరుగుదొడ్లో వేస్తే పైపు మూసుకుపోతుంది. ప్రయాణంలో విడి బ్యాగులు చేతిసంచిలోనే ఉండాలి. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే పలక జిగురు కరిగిపోతుంది. పొలం పని, తాపీ పని, వంట పని చేసేవాళ్లు చెమటతో పోయే ఉప్పును కూడా లెక్కలో వేసుకుని గంటకోసారి ఉప్పు మజ్జిగో ఓఆర్ఎస్సో తాగాలి. రాయలసీమ, తెలంగాణ వేసవుల్లో ఇది పాటించని రోజున సాయంత్రానికి సెలైన్ ఎక్కించుకోవాల్సి వస్తుంది.

పెళ్లి, పిల్లలు, కాపురం గురించి రోగులు అడగరు, డాక్టర్లు ఎత్తరు. ఇలియోస్టమీ ఉన్న స్త్రీలు గర్భం దాల్చి పిల్లల్ని కంటున్నారు. పొట్ట పెరిగేకొద్దీ స్టోమా ఆకారం మారుతుంది కాబట్టి బ్యాగు కొలత మారుస్తూ ఉండాలి. రెక్టమ్‌ను తొలగించే ఆపరేషన్లలో లైంగిక నరాలు దెబ్బతినే అవకాశం ఉంది. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పడం సర్జన్ బాధ్యత. గుడికి వెళ్లవచ్చా, మడి కట్టుకోవచ్చా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో పైకి అనకుండా మిగిలిపోతుంది. సరిగా అంటిన బ్యాగు నుంచి వాసన గానీ తడి గానీ బయటికి రావు. ఆటలకూ బ్యాగు అడ్డం కాదు: అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రోల్ఫ్ బెనిర్ష్కె 1979లో అల్సరేటివ్ కొలైటిస్‌కు ఆపరేషన్ చేయించుకుని, బ్యాగుతోనే 1980లో మళ్లీ మైదానంలోకి దిగి మరికొన్నేళ్లు ఆడాడు.

మూసివేత, ప్రత్యామ్నాయాలు

తాత్కాలిక లూప్ ఇలియోస్టమీని సాధారణంగా రెండు మూడు నెల్ల తరువాత, కింది అతుకు మానిందని పరీక్షలో తేలాక మూసేస్తారు. కీమోథెరపీ నడుస్తుంటే ఇంకా ఆలస్యమవుతుంది. మూసేశాక వెంటనే పాత రోజులు రావు. నెలల తరబడి వాడుకలో లేని పెద్దపేగు మెల్లగా పని అందుకుంటుంది. రెక్టమ్ కొంత తీసినవారికి రోజుకు ఆరేడుసార్లు, అదీ వెంటవెంటనే వెళ్లాల్సి రావడం, ఆపుకోలేకపోవడం ఏడాది దాకా ఉండవచ్చు. మలద్వార కండరాలను బిగించి వదిలే వ్యాయామం మూసివేతకు ముందు నుంచే మొదలుపెడితే కొంత ఫలితం ఉంటుంది.

పెద్దపేగు మొత్తం తీసినా బ్యాగు లేకుండా చేసే ప్రయత్నాలు 1969లో స్వీడన్ సర్జన్ నిల్స్ కోక్‌తో ఊపందుకున్నాయి. పేగుతోనే లోపల సంచి కట్టి, కవాటం పెట్టి, గొట్టంతో ఖాళీ చేసుకునే పద్ధతి ఆయనది. 1978లో లండన్ సెయింట్ మార్క్స్‌లో అలన్ పార్క్స్, జాన్ నికల్స్ ఇలియంతో చేసిన సంచిని నేరుగా మలద్వారానికి కలిపారు. 1980లో జపాన్ సర్జన్ ఉత్సునొమియా దాన్ని జె ఆకారంలోకి సులభం చేశాడు. అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో ఎక్కువమందికి ఇప్పుడు ఇవ్వజూపేది ఈ జె పౌచే. అది ఉన్నవారు రోజుకు ఐదారుసార్లు విరేచనానికి వెళ్తారు, సంచి లోపల వాపు వచ్చి యాంటీబయోటిక్స్ వాడాల్సిన సందర్భాలు ఉంటాయి. క్రోన్స్ రోగులకు సాధారణంగా దీన్ని సూచించరు. రెండు దారులూ వివరంగా విన్న తరువాత శాశ్వత ఇలియోస్టమీనే కోరుకునేవాళ్లూ ఉన్నారు. బ్యాగు ఎప్పుడు ఖాళీ చేయాలో వాళ్లే నిర్ణయించుకోగలరు, పరుగెత్తాల్సిన అవసరం ఉండదు.